పంపు నీళ్ల మహిమ

"బంగారు గొట్టాలు వేస్తామన్నా సరే, నా పంపు జోలికి మాత్రం రావద్దు," అన్నాడు రొట్టెలాయన, పొయ్యిలోంచి వేడి బన్నుల పళ్లెం బయటికి లాగుతూ.

బల్లకు ఇవతల నిలబడ్డ ఇంజనీరమ్మాయి నవ్వింది. వారం రోజులుగా అక్కడ నవ్వుతున్న నవ్వే అది, అందుకే కాస్త వాడిపోయి ఉంది. ఆ వీధి కింద ఉన్నవన్నీ తాతల కాలం నాటి సీసపు గొట్టాలు. వాటిని పీకేసి, వీధి చివర నుంచి వంటింటి పంపు దాకా కొత్తవి వేయడానికి ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది. ఇంటివాళ్లు పైసా పెట్టుకోనక్కర్లేదు. కాకపోతే తవ్వితే వీధంతా ఒక్కసారే తవ్వాలి. ఒక్క ఇల్లు కాదన్నా ఆ డబ్బు వేరే పేటకు వెళ్లిపోతుంది. అందరూ సంతకాలు పెట్టేశారు, రొట్టెలాయన ఒక్కడూ తప్ప. ఇవాళ సాయంత్రంతో గడువు సరి.

"బాబాయ్, సీసం కంటికి కనపడదు, నాలిక్కి తెలీదు. పిల్లల బుర్ర ఎదగనివ్వదంతే. కడుపులో ఉన్న బిడ్డని కూడా వదలదు," అందా అమ్మాయి.

బన్నులు కొనడానికి వచ్చిన దర్జీ ఆ మాటకు తల వంచుకున్నాడు. ఆయన కోడలికి నెలలు నిండుతున్నాయి. రొట్టెలాయనతో తగువు పెట్టుకునే ధైర్యం ఆయనకు లేదు, చూస్తూ ఊరుకునే ధైర్యమూ లేదు.

"నాకు మాత్రం పిల్లలంటే పడకా?" రొట్టెలాయన గొంతు తగ్గింది. "మా నాన్న ఈ కొట్టు పెట్టినప్పుడు వేయించిన పంపమ్మా ఇది. నా రొట్టెకి ఆ రుచి వచ్చిందే ఈ నీళ్లవల్ల. రేపు నీళ్లు మారి రుచి పోతే నేనేం అమ్ముకోను, ఇటుకలా?"

"నిజం చెప్పొద్దూ, ఈ ఏడాదైతే మరీ బాగుంటోందోయ్," అన్నారు బెంచీ మీది లెక్కల మేష్టారు. రిటైరయ్యాక ఆయన చేస్తున్న ఉద్యోగం ఆ బెంచీ మీద కూర్చోవడమే.

"విన్నావా? అంతా దాని చలవే!" రొట్టెలాయన వెనక గోడకున్న పంపుకు దణ్ణం పెట్టినంత పని చేశాడు.

చేతులు తుడుచుకుంటూ ఆయన భార్య లోపలి నుంచి వచ్చింది. ఆ కొట్టులో పిండి కలపడం ఆయన పని, నీళ్ల తొట్టి నింపడం ఆవిడ పని. ఆయన లేచేసరికి తొట్టి నిండి ఉంటుంది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు కాబట్టే ఆ కాపురం సజావుగా సాగుతోందని వీధిలో చెప్పుకుంటారు.

"ఇన్ని మాటలెందుకండీ? వెనకవీధిలో పోయినేడే గొట్టాలు మార్చారుగా. మా అక్కయ్య ఇంటి నుంచి ఓ క్యాను నీళ్లు తెప్పించి కలిపి చూడండి. తేడా వస్తే మానేద్దురుగాని. రాకపోతే సంతకం పెట్టెయ్యండి."

"తేడా రాకపోతే చెవి కోయించుకుంటా!" అన్నాడు రొట్టెలాయన.

మోసం మాట రాకుండా ఇంజనీరమ్మాయే స్వయంగా వెళ్లి క్యాను మోసుకొచ్చింది. రొట్టెలాయన తొట్టి నీళ్లతో ఒక ముద్ద, క్యాను నీళ్లతో ఒక ముద్ద కలిపాడు. ఏది ఏదో తనకొక్కడికే తెలిసేలా అడుగున గుర్తు పెట్టుకున్నాడు. ముద్దలు పొంగి, పొయ్యిలో కాలి, పళ్లెంలోకి వచ్చేదాకా ఆ పిల్ల బెంచీ చివర కూర్చుని గోళ్లు కొరుక్కుంది. ఇన్ని ఇళ్ల మంచినీళ్లు రెండు రొట్టెల మీద ఆధారపడ్డాయని తలుచుకుంటే ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మేష్టారు రెండూ కొరికి, కళ్లు మూసుకుని తీర్పు చెప్పారు. "ఇదిగో, పాత నీళ్లది ఇదే. ఆ కమ్మదనం ఎక్కడికి పోతుంది?"

"కాదండీ, ఇది పాతది," అన్నాడు దర్జీ రెండోది చూపించి. తేడా లేదంటే తనకే లాభమన్న సంగతి కూడా మరిచిపోయాడు.

"నాలుకా తాటిమట్టా అది?"

"మీది మాత్రం?"

వాళ్లనలా వదిలేసి రొట్టెలాయన రెండింటి నుంచీ చెరో ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. గోడవైపు తిరిగి నమిలాడు. మళ్లీ తుంచాడు, మళ్లీ నమిలాడు. రొట్టె విషయంలో ఆయనకు అబద్ధం ఆడటం చేతకాదు.

"తేడా లేదు," అన్నాడు చివరికి, నీరసంగా.

"మరైతే ఆ రుచి ఎక్కడిదంటారు?" అంది భార్య.

ఆయన పిండి అంటిన తన చేతుల వైపు చూసుకున్నాడు. "అంటే... ఇన్నాళ్లూ ఇదంతా నా చేతి మహిమేనంటావా?"

"నేను మొదట్నుంచీ అంటున్నది అదేగా! పంపుకి పెట్టే దణ్ణమేదో ఆ చేతులకే పెట్టుకోండి."

ఆయన మొహం పొయ్యిలో బన్నులా పొంగింది. సంతకం పెట్టి, కింద ఒక గీత కూడా గీశాడు. దర్జీ ఆయన్ని కావిలించుకున్నాడు.

"మరి చెవి సంగతి?" అన్నారు మేష్టారు.

"ఉండనివ్వండి, మా మనవడు పుట్టాక పట్టుకు లాగడానికి పనికొస్తుంది," అన్నాడు దర్జీ. అందరికంటే గట్టిగా నవ్వింది రొట్టెలాయనే. ఆ పూట కొట్టుకొచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక బన్ను ఊరికే ఇచ్చాడు.

ఇంజనీరమ్మాయి వెళ్లబోతూ లోపలికి వచ్చింది. "మీ మేలు మర్చిపోలేను పిన్నిగారూ. వచ్చేవారమే తవ్వకం మొదలెడతాం."

"ఇంకాస్త ముందుగా కుదరదా అమ్మా? నా భుజాలు పడిపోతున్నాయి."

"భుజాలకీ గొట్టాలకీ ఏమిటి పిన్నీ? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నారు!"

ఆవిడ గుమ్మంలోంచి తొంగిచూసింది. భర్త మేష్టారికి తన చేతులు చూపించి ఏదో వివరిస్తున్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయన్నే మురిపెంగా చూసి, ఇటు తిరిగి గొంతు తగ్గించింది.

"ఏడాదిగా ఆ తొట్టిలోకి నీళ్లు మా అక్కయ్య ఇంటి నుంచే మోస్తున్నానమ్మా."