నాలుగో ఆకస్మిక తనిఖీ

"ఫోన్ ఇటివ్వు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, జీపు ఎక్కీ ఎక్కకముందే.

డ్రైవరు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని స్విచాఫ్ చేసి, తన బ్యాగులో గ్యాసు లీకు కనిపెట్టే మీటరు పక్కన పడేసి జిప్పు లాగాడు. ఎక్కడికి సార్ అంటే, ముందు బండి తియ్యి, మలుపు వచ్చినప్పుడు చెప్తానన్నాడు.

చెప్పడానికి భయం మరి. చమురు బావులూ గ్యాసు బావులూ తనిఖీ చేసే ప్రభుత్వ శాఖలో అతనిది పదహారేళ్ల సర్వీసు. ఇంత తలవంపు ఎప్పుడూ కలగలేదు. పదిహేడో నంబరు గ్యాసు బావి పక్కన కాపురముంటున్నవాళ్లు వాసనకి తల తిరిగిపోతోందని, పిల్లలకి దగ్గు తగ్గట్లేదని ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. తీరా చెప్పాపెట్టకుండా వెళ్తే అక్కడ వాసనా ఉండదు, లీకూ ఉండదు. మర్నాడు మళ్లీ ఫోన్లు. ఇలా మూడుసార్లు అయింది. తను వస్తున్నట్టు కంపెనీకి ఎవరో ముందే ఉప్పందిస్తున్నారు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన మాత్రం పట్టి తీరాలనుకున్నాడు. మొదటిసారి దెబ్బతిన్నాక గుమస్తా మీద అనుమానమొచ్చి ఫైలు తనే రాసుకోవడం మొదలుపెట్టాడు. రెండోసారికి అటెండరు మీద అనుమానమొచ్చి, మీటరు పరీక్షకి పట్టుకెళ్లే పని అతని దగ్గర్నుంచి లాగేసుకున్నాడు. మూడోసారి తర్వాత, రేపు ఎటు వెళ్తున్నారని భార్య అడిగితే నీకెందుకన్నాడు. ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఈసారి ఇంకా జాగ్రత్తపడ్డాడు. తనిఖీకి ముందురోజు మీటరు సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్ష చేయించాలని రూలు. శాఖ సొంత మిషను పాడై రెండేళ్లయింది కనుక, నిన్న సాయంత్రం తనే స్కూటరు మీద బజారులో ఉన్న ల్యాబుకి వెళ్లాడు. ఊళ్లో ఆ పరీక్ష చేసేది అదొక్కటే. ఫారం నింపి, దగ్గరుండి సీలు వేయించి, ఇంటికొచ్చి మీటరుని తలగడ పక్కనే పెట్టుకుని పడుకున్నాడు. అందరినీ తీసేయగా ఇక మిగిలింది డ్రైవరొక్కడే.

మలుపు దగ్గర ఎడమవైపు పొమ్మన్నాడు.

"పదిహేడుకా సార్?"

"నీకెలా తెలుసు?"

"ఈ రోడ్డులో ఇంకేముంది సార్" అని డ్రైవరు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకున్నాడు ఇన్‌స్పెక్టరు.

బావి దగ్గర గేటు బార్లా తీసి ఉంది. మేనేజరు పెళ్లివారికి ఎదురొచ్చినట్టు ఎదురొచ్చాడు. ఇన్‌స్పెక్టరు తలకి సరిపోయే హెల్మెట్ తుడిచి బల్ల మీద పెట్టి ఉంది. వాల్వులకి వేసిన పసుపు రంగు ఇంకా ఆరనే లేదు, ముట్టుకుంటే వేలికి అంటుకుంది. పైపుల అతుకు అతుక్కీ మీటరు పెట్టి చూశాడు. ఎక్కడ పెట్టినా సున్నా. ఒళ్లు మండిపోయింది.

మేనేజరు టీ ఇస్తూ, మీ డ్రైవరు మాకు బాగా తెలిసినవాడే సార్, వాళ్ల బావ మా దగ్గరే వాచ్‌మన్ అని చల్లగా ఒక మాట వదిలాడు. ఆ మాట చాలు. ఇన్‌స్పెక్టరు టీ ముట్టకుండా జీపు దగ్గరికి వచ్చి, బ్యాగులోంచి ముందే టైపు చేయించి పెట్టుకున్న కాగితం తీశాడు.

"మీ బావ ఇక్కడే పనిచేస్తాడని నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు సార్. అక్కావాళ్ల ఇల్లు ఆ గోడ అవతలే."

"అందుకే ఉప్పందిస్తున్నావన్నమాట."

డ్రైవరుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులూ జోడించాడు.

"ఆఫీసుకి ఫోన్లు చేయించింది నేనే సార్. మా మేనకోడలికి దగ్గొస్తే ఊపిరాడదు. ఆ లీకు దొరకాలని మీకంటే నాకే ఎక్కువ ఉంది."

ఇన్‌స్పెక్టరు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కానీ సున్నాలు కళ్లముందు తిరుగుతున్నాయి. గుమస్తా కాదు, అటెండరు కాదు, ఇంట్లో ఆడమనిషి కూడా కాదు. ఇంకెవరు మరి? దొంగ ఏడుపులు నా దగ్గర కాదన్నాడు. బానెట్ మీద కాగితం పరిచి, పదకొండేళ్లుగా తన బండి నడుపుతున్న మనిషిని పనిలోంచి తీసేస్తున్నట్టు సంతకం పెట్టాడు.

డ్రైవరు తాళాలు బానెట్ మీద పెట్టి, బ్యాగులోంచి తన ఫోన్ తీసుకుని, అక్క ఇంటివైపు నడిచాడు. ఇన్‌స్పెక్టరుకి బాధగానే ఉంది. అయినా ఇంటిదొంగ దొరికాడు, వచ్చేసారి చూస్తాను వీళ్ల సంగతి అనుకుని తాళాలు అందుకున్నాడు.

అప్పుడే ఆఫీసు గదిలోంచి కంపెనీ టైపిస్టు చేతిలో కాగితంతో గబగబా వచ్చింది. వెనకాల మేనేజరు వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు కానీ ఆవిడ చూసుకోలేదు.

"సార్, నిన్న సాయంత్రం మీటరు పరీక్ష చేయించి రసీదు బజారులో ఉన్న మా కంపెనీ ల్యాబులోనే మర్చిపోయారట. ఫారంలో పదిహేడో బావి అని మీరే రాశారు కదా, ఇవాళ ఎలాగూ ఇక్కడికే వస్తారని మావాళ్లు నిన్ననే పంపించేశారు."