గుర్రం నేర్పిన ఓపిక

గుర్రం కదలడం లేదు.

అతను కంట్రోలర్ మీద ఉన్న మీటలన్నీ నొక్కి చూశాడు. తెరమీద టోపీ మనిషి ఒకసారి ఈల వేశాడు. ఒకసారి తుపాకీ తీశాడు. ఒకసారి దారినపోయే ముసలాయన మీదికి దూకాడు. గుర్రం మాత్రం తాపీగా గడ్డి మేస్తోంది.

"ఇదేం ఆటరా బాబూ, ఎద్దుబండి నయం!" అని విసుక్కున్నాడు.

అతను పార్సిళ్ల గోదాములో సూపర్‌వైజరు. పద్దెనిమిదేళ్లుగా "కానీ, కానీ" అని జనాన్ని తరిమిన నోరు. ఇప్పుడు భార్యకి తోడుగా ఉండాలని ఆర్నెల్ల సెలవు. ఇంట్లో పొద్దుపోవాలి కదా అని తోటి ఉద్యోగి ఒకడు ఈ ఆట తెచ్చి ఇచ్చాడు.

ఎడారులు, మంచుకొండలు, దొంగల ముఠాలు. పాతకాలపు గుర్రాల దేశం. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లాలంటే నిజంగానే పావుగంట పట్టేది. గుర్రానికి ఆకలేస్తే మేత పెట్టాలి. మట్టి అంటితే ఒళ్లు తోమాలి. పామును చూసి బెదిరితే మెడ నిమిరి బుజ్జగించాలి.

మొదటి వారంలో రెండుసార్లు కంట్రోలర్‌ని సోఫాలోకి విసిరికొట్టాడు.

రెండో వారంలో ఒక రోజు ఆటలో వాన వెలిసింది. ఏటి ఒడ్డున గుర్రం జూలు విదిలించింది. తుంపరలు ఎండలో తళుక్కుమన్నాయి. అతను మీట మీంచి వేలు తీసి అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు నుంచి దాన్ని పరుగెత్తించడం మానేశాడు. నడిపించడమే.

గోధుమరంగు ఆడగుర్రం. దానికి 'బంగారం' అని పేరు పెట్టుకున్నాడు.

"ఏమండీ, కాస్త ఆ ఫ్యాను తగ్గించరూ, చలేస్తోంది" అనేది భార్య, గదిలో మంచం మీంచి.

"ఒక్క నిమిషం. గుర్రం నీళ్లు తాగుతోంది."

"మీ నిమిషానికి ఎన్ని నిమిషాలండీ?"

అరగంటకి వెళ్లి తగ్గించేవాడు. ఊరికే తగ్గించి వస్తాడా? బంగారం ఇవాళ నది ఎలా ఈదిందో, తోడేళ్లను చూసి కూడా తనను కింద పడెయ్యకుండా ఎలా నిలబడిందో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆమె అంతా వినేది.

"నన్నెప్పుడైనా బంగారం అన్నారా?" అంది ఒకసారి. "మళ్లీ జన్మంటూ ఉంటే మీ గుర్రంగానే పుడతాను."

అతను పగలబడి నవ్వాడు.

నాలుగో నెల, ఒక గురువారం మధ్యాహ్నం. కొండదారిలో దొంగలు కాపుకాశారు. అతను వాళ్లను చూసేలోపే తూటా తగిలింది. బంగారం మోకాళ్ల మీద కూలిపోయింది.

సంచిలో మందు ఉంది. పక్కన కూర్చుని పట్టిస్తే బతుకుతుంది. దానికి ఏ మీట నొక్కాలో గుర్తురాలేదు. కంగారులో ఒకటి నొక్కితే టోపీ మనిషి టోపీ తీసి దులుపుకున్నాడు.

"ఏమండీ, ఒక్కసారి ఇటు రారూ..."

"ఒక్క నిమిషం!"

ఇంకోటి నొక్కితే తుపాకీలో గుళ్లు నింపుకున్నాడు. గుర్రం డొక్క ఎగిరెగిరి పడుతోంది. సరైన మీట దొరికేసరికి అది కూడా ఆగిపోయింది. ఆట అక్కడిదాకా జరిగిందంతా దానంతట అదే భద్రపరుచుకుంది. ఇక వెనక్కి వెళ్లే దారి లేదు.

నలభై ఆరేళ్ల మనిషి కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాయంత్రం అక్క వచ్చింది. రోజూ ఆ వేళకి క్యారేజీ పట్టుకుని వస్తుంది. వచ్చినప్పుడల్లా "ఆ దిక్కుమాలిన ఆట కట్టిపెట్టరా" అని కసురుతుంది. ఇవాళ కూడా చరచరా లోపలికి వెళ్లి ఇల్లంతా ఓ చుట్టు చుట్టి వచ్చింది. సోఫాలో కుమిలిపోతున్న తమ్ముణ్ణి చూసింది. కసరలేదు. టీవీ తనే ఆపి పక్కన కూలబడింది.

"ఎప్పుడురా?"

"నాలుగింటికి. నా కళ్లముందే అక్కా... మందు దగ్గరే ఉంది. పట్టించలేకపోయాను."

"ఊరుకో. నీ తప్పేముంది? ఎంత ఓపిగ్గా చూసుకున్నావురా దాన్ని!"

ఆ మాటతో దుఃఖం మళ్లీ పొంగుకొచ్చింది. నిజమే. జన్మలో ఎవర్నీ అంత ఓపిగ్గా చూసుకోలేదు.

కింది వాటాలో ఉండే పంతులమ్మ వచ్చింది. "ఎక్కువ బాధపడకుండా పోయింది బాబూ, అదే పదివేలు" అంది. ఆట ఇచ్చిన తోటి ఉద్యోగి వచ్చాడు. అతని భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు.

బాబాయి కూడా వచ్చాడు. ఆయన నోటికి అదుపు తక్కువ.

"ఎంతసేపని ఏడుస్తావురా? కొన్నాళ్లు పోనీ. ఇంకోదాన్ని తెచ్చుకుందువుగాని."

అతను చివ్వున తలెత్తాడు.

"అలాంటిది ఇంకోటి రాదు బాబాయ్! నన్ను మనిషిని చేసింది అది!"

అక్క గోడవైపు తిరిగి కళ్లు ఒత్తుకుంది. పంతులమ్మ, ఇంత ప్రేమ ఎక్కడైనా చూశామా అన్నట్టు తోటి ఉద్యోగి వైపు చూసింది.

వీధిలో వ్యాను ఆగింది. ఒకతను కాగితాలు పట్టుకుని లోపలికి వచ్చాడు.

అతను ఇంకా గుర్రం కోసమే కారుతున్న కన్నీళ్లు తుడుచుకుని, కాగితం అందుకుని, 'మృతురాలికి ఏమవుతారు' అన్న గడిలో 'భర్త' అని రాశాడు.