అంపారో పగడాలు

అంపారో పగడాలకు నాచు పట్టడానికి కారణం ఆమె చెల్లెలు చోలె. అందులో అంపారో భర్త హసింతోకు అనుమానమే లేదు.

అక్క పోయాక చోలె ఆదివారం ఆదివారం వచ్చేది. వచ్చినప్పుడల్లా గుప్పెడు మేత తొట్టిలోకి విసిరేది. "పాపం, చేపలు బక్కచిక్కాయి బావా" అనేది. ఈస్టర్ వెళ్లాక గాజు మీద పచ్చటి జిగురు కనపడింది. తర్వాత రాళ్ల మీద. ఆ తర్వాత పగడాల మీద, పిల్లి బొచ్చులా. ఆ రోజే ఆమెను గడప తొక్కొద్దన్నాడు.

మెడలో వేసుకునే పగడాలు కావవి. ప్రాణమున్నవి. అంపారో గోరంత ముక్క తెచ్చి పళ్లెమంత చేసింది. తొట్టి మీద దీపం వెలగగానే అవి వేళ్లు విప్పుకుని ఉప్పునీళ్లలో ఊగేవి. ఆసుపత్రి మంచం మీద ఆమె అడిగింది ఒక్కటే.

"నా పగడాలను చావనివ్వకు."

సరేనన్నాడు. ఇప్పుడవి చస్తున్నాయి.

హసింతో ఒకచోట కూర్చోలేకపోతున్నాడు. అన్నం ముందు నుంచి లేచిపోతాడు. కాఫీ కలుపుకుని తాగడం మరిచిపోతాడు. పళ్ల బ్రష్షు తీసుకుని, మోచేతి దాకా చెయ్యి ముంచి, రాయి రాయీ తోముతాడు. తోమిన చోటే మళ్లీ పచ్చబడుతుంది. నాచు తినే సముద్రపు నత్తల్ని తెచ్చి వదిలాడు. దీపాలు ఆర్పి చూశాడు. నీళ్లు మార్చి చూశాడు. నత్తలు చచ్చాయి. నాచు బతికింది.

నవంబరులో వెరాక్రూజ్ రేవు మీదికి ఉత్తరపు గాలి విరుచుకుపడుతున్న పూట, చోలె పిలవకుండానే వచ్చింది. వెంట అక్వేరియాల కొట్టు రుతీలియో ఉన్నాడు.

"గడప తొక్కొద్దన్నాను."

"గాలి నెట్టింది బావా. దాంతో చెప్పుకో."

రుతీలియో నవ్వు దాచుకున్నాడు. గాజుగొట్టంలో తొట్టి నీళ్లు పట్టి మందు చుక్కలు వేశాడు. నీళ్లు సిరాలా నీలమయ్యాయి.

"అమ్మో! అంతా భాస్వరమే. మొక్కజొన్న చేనుకు ఎరువు కొట్టినట్టుంది హసింతో గారూ. నాచు పట్టకేం చేస్తుంది?"

"ఆవిడ వేసిన మేత అది."

"నేను మెతుకు వేసి ఆర్నెల్లు దాటింది!" చోలె గొంతు లేచింది. "చేపలకి నా మొహం కూడా గుర్తుండదు."

"అయినా కారణం నువ్వే."

రుతీలియో ఈసారి సన్నటి గొట్టాన్ని ఇసుకకు ఆనించి నీళ్లు లాగాడు. మందు వేస్తే రంగు ఇంకా ముదిరింది.

"అడుగు నుంచి ఊరుతోంది. ఈ ఇసుక మొత్తం తోడి పారబోయాలి. ఈస్టర్ ముందు నా దగ్గర చిన్న సంచి ఇసుక కొన్నారుగా? దాన్ని పోసి కొత్తగా మొదలెడదాం."

"అయిపోయింది."

"ఎందులో పోశారు?"

పెరటి తలుపు ధడేలున కొట్టుకుంది. హసింతో వెళ్లి మూసొచ్చాడు. వచ్చి తొట్టి పక్కన నిలబడ్డాడు.

రుతీలియో చొక్కా చేతులు మడిచి తొట్టిలోకి వంగాడు. హసింతో అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఇసుక ముట్టుకుంటే వేళ్లు విరుస్తాను."

చోలెకు ఒళ్లు మండింది.

"ఏం మనిషివయ్యా నువ్వు! అక్క కలశాన్ని కూడా ఇలాగే కరుచుకు కూర్చున్నావు. అస్థికలు ఇంట్లో ఉంచకూడదని ఫాదర్ ఎన్నిసార్లు చెప్పాడు? నేను పోట్లాడితే గానీ కలశాలుంచే చర్చి గూటికి చేరలేదు. పోనీ, చేరాక ఒక్కసారైనా వచ్చావా? వారం వారం నేలసంపెంగలు పెట్టేది నేను. పెళ్లాం అక్కడుంటే నువ్విక్కడ గాజుపెట్టెకు కాపలా!"

హసింతో తొట్టి చుట్టూ తిరిగాడు. మళ్లీ తిరిగాడు. పెద్ద పగడం సగం తెల్లగా పాలిపోయింది. మిగతా సగం ఇంకా వేళ్లు ఆడిస్తోంది.

"ఈ ఇసుక ఉంటే ఇవి బతకవా?"

"క్రిస్మస్ చూడవు."

"నీ కొట్లో?"

"కొట్లో ఎందుకు బతకవు! శుభ్రం చేసి పెట్టుకుంటే నాలుగు నెలల్లో తేరుకుంటాయి."

"అయితే తీసుకుపో. చేపల్నీ తీసుకుపో. రాళ్లు కూడా. ఇసుక మాత్రం ఇక్కడే ఉంటుంది."

రుతీలియో చోలె వంక చూశాడు. చోలె కణత దగ్గర వేలు తిప్పి చూపించింది. కానీ మాట్లాడితే బావ మనసు మారుతుందేమోనని గబగబా బకెట్లు తెచ్చింది. హసింతో ఒక్కో పగడాన్నీ తన చేత్తోనే ఎత్తి, ఒరుసుకోకుండా నీళ్లలోకి దించాడు. ఇసుక కదిలినప్పుడల్లా ఆగి, అది సర్దుకున్నాకే మళ్లీ చెయ్యి పెట్టాడు.

బకెట్లు బండెక్కాక చోలె గుమ్మంలో నిలబడిపోయింది. కళ్లు తుడుచుకుంది.

"అక్క ప్రాణంలా చూసుకున్నవి ఇచ్చేసి, మురికి ఇసుక దాచుకుంటావా? ఎందుకో చెప్పు బావా."

"వెళ్లు."

"ఎప్పటికైనా చెప్తావా?"

తలుపేసి గడియ పెట్టాడు.

పళ్ల బ్రష్షును చెత్తబుట్టలో పడేశాడు. కుర్చీ లాక్కుని ఖాళీ తొట్టి ముందు కూర్చున్నాడు. ఈసారి లేవలేదు. ఇసుక మీద నాచు పచ్చగా ఊగుతోంది. ఊగనిచ్చాడు.

చర్చి గూట్లో చోలె పూలు పెడుతున్న కలశంలో ఉన్నది రుతీలియో అమ్మిన ఇసుకేనని, అంపారోను తన చేతులతోనే ఈ తొట్టి అడుగున కలిపానని చచ్చేదాకా ఎవరితోనూ అననని, గాజుకు చెయ్యి ఆనించి, ఆమెకే మాటిచ్చాడు.