తేనెపెట్టెలకు నల్లగుడ్డ

టక్, టక్, టక్.

వంటింటి కిటికీలోంచి తొంగిచూసిన నేజ పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెరటి పాకలో మావగారు లొవ్రెన్స్ ఒక్కో తేనెపెట్టెనీ వేలితో తట్టి, నోరు దగ్గరగా పెట్టి ఏదో చెబుతున్నాడు. చెప్పిన పెట్టెకల్లా నల్లగుడ్డ కడుతున్నాడు.

ఆ కొండపల్లెల్లో ఇంటి మనిషి పోతేనే ఆ పని చేస్తారు. ఆ కబురు ఇంట్లోవాళ్లే తేనెటీగలకి చెప్పాలి. చెప్పకపోతే అవి పెట్టెలు వదిలేసి పోతాయి.

గాష్పర్! పొద్దున్నే అతిథుల్ని జీపులో కొండమీదికి తీసుకెళ్లిన మొగుడు ఇంకా రాలేదు. పైన ఒకటే వాన. చేస్తే ఫోన్ కలవడం లేదు. ఇందాక హాల్లో ఫోన్ మోగితే ఎత్తింది మావగారే.

"అమ్మాయ్, ఇంకాస్త రొట్టె!" భోజనాల గదిలోంచి వియన్నా నుంచి వచ్చిన అతిథి ఒకావిడ కేకేసింది.

రెండొందల ఏళ్ల నాటి ఈ రైతు ఇంటిని బాగుచేయించి అతిథులకి తెరిచింది నేజే. 'మా తాతల కొంపని సత్రం చేస్తావా?' అని ముసలాయన నాలుగేళ్లుగా ఆమెతో సరిగ్గా మాట్లాడడు. తేనెపెట్టెల దరిదాపులకే రానివ్వడు.

ఇవాళ అవన్నీ ఎవరికి కావాలి? గిన్నె అక్కడే పడేసి వానలో పరిగెత్తింది.

"మావయ్యా, ఇందాక ఫోన్ ఎవరు?"

"ఆసుపత్రి వాళ్లు."

నేజ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏమన్నారు?"

"ఉండు. ఇంకా రెండు పెట్టెలున్నాయి. మధ్యలో ఆపకూడదు."

"మీకు దణ్ణం పెడతాను! గాష్పర్‌కి ఏమైంది?"

ముసలాయన తర్వాతి పెట్టె దగ్గరికి జరిగాడు. టక్, టక్. ఆమె పాక గుంజ పట్టుకుని, దేవుడా దేవుడా అనుకుంటూ కూలబడింది.

గేటు దగ్గర హారన్ మోగింది. బురద కొట్టుకున్న జీపులోంచి అతిథులతోపాటు గాష్పర్ దిగాడు.

"దారికడ్డంగా చెట్టు పడిందే. అయ్యో, ఆ ఏడుపేంటి?"

నేజ అతన్ని వాటేసుకుని భోరుమంది. అంతలోనే ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

"మరి పోయిందెవరు మావయ్యా?"

లొవ్రెన్స్ ఆఖరి ముడి వేశాడు. "ఆసుపత్రి వాళ్లు చేసింది నా పరీక్షల సంగతి చెప్పడానికి. ఈ కబురు తర్వాత నువ్వు చెబితే ఇవి నమ్మవమ్మాయ్. నీ గొంతు వీటికి కొత్త. తప్పు నాదే, దగ్గరికి రానివ్వలేదు. అందుకే నేనే చెప్పేశాను."

"ఏమని?"

"నేను పోయానని, ఇక వీటికి నువ్వే యజమానివని."