ఒంటిచేత్తో

"ఇది నా వల్ల కాదు బాబూ," అంటూ పెద్దావిడ ప్యాకెట్టును బల్లమీద పెట్టేసింది.

ఇంజినీరుకి ఒళ్లు మండింది.

పుట్టిన బిడ్డ గొంతుకి అడ్డుపడ్డ ఉమ్మనీరు లాగేసే సన్నటి గొట్టాలు తయారయ్యే ఫ్యాక్టరీ అది. ఆ గొట్టం ప్యాకెట్టుకి, పట్టుకుని చించే అంచు ఒకటుంటుంది. దాన్ని అతను కురచ చేశాడు. ప్లాస్టిక్ ఆదా, పని చకచకా. ఉద్యోగంలో చేరాక అతను తలపెట్టిన మొదటి మార్పు ఇదే.

బయటివాళ్లని పిలిపించి, తడి గ్లవుజులు తొడిగి, ప్యాకెట్టు విప్పించి చూస్తున్నారు. అందరూ ఇట్టే విప్పేశారు. ఈవిడే ఎడమ అరచేతిని గిన్నెలా ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తోనే తంటాలు పడుతోంది.

"రెండు చేతులూ వాడండమ్మా!"

"రెండోది ఖాళీ లేదు."

"ఖాళీగానే ఉందిగా! ఏముంది అందులో?"

"బిడ్డ తల."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతనికి నవ్వు రాలేదు. ఒక్కరు విప్పలేకపోయినా మార్పు చెల్లదు. అక్కడి నియమం అది.

"ఆవిణ్ణి లెక్కలోంచి తీసేద్దాం సార్," అన్నాడు మేనేజరుతో. "కావాలని మొండికేస్తోంది."

"వద్దులేవయ్యా. పాత అంచే ఉండనీ."

"ఎవరో దారినపోయే ఆవిడ కోసం నా కష్టమంతా నీళ్లపాలేనా?"



"ఏమనుకోకు బాబూ," అంటూ ఆవిడ చేతిసంచీ తీసుకుని లేచింది.

అతను మొహం తిప్పుకున్నాడు.

కొన్నాళ్లకి అతని భార్యకి నొప్పులొచ్చాయి.

పురిటిగదిలో అతని కళ్లముందే పాప పుట్టింది. ఏడవలేదు. ఒళ్లు నీలంగా మారుతోంది.

నర్సు ఒక చేయి పాప తల కింద ఉంచి, రెండో చేయి ట్రేలోకి చాచింది.

ఆ చేతిలో తమ ఫ్యాక్టరీ ప్యాకెట్టు చూసి అతను ఊపిరి బిగబట్టాడు.

తడి వేళ్లకి పాత పొడవాటి అంచు దొరికింది. చర్రున చిరిగింది. గొట్టం గొంతులోకి దిగింది.

చిన్న దగ్గు. ఆ వెంటనే గది అదిరిపోయేలా ఏడుపు.

అతను గోడకి చేరగిలబడి ఏడ్చేశాడు.

"ఏమయ్యా తండ్రీ, నువ్వెందుకేడుస్తావు? ఆ పని నీ కూతురు చేస్తోందిగా!" అంది నర్సు.

మంచం మీద భార్య నవ్వింది. ఏడుస్తూనే అతనూ నవ్వాడు.

ఫ్యాక్టరీకి రాగానే తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"సార్, ఆ పెద్దావిడ ఎక్కడుంటారు? వెళ్లి కాళ్లమీద పడాలి."

"ఆలస్యమైందయ్యా. కిందటివారమే కన్నుమూసింది."



"ఎవరు సార్ ఆవిడ? నర్సా?"

మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నీకంటే ముందు నీ సీట్లో కూర్చున్న ఇంజినీరు. ఆ అంచుని మొదటిసారి కురచ చేసింది ఆవిడే. అప్పుడు నర్సు చేతికి తెరుచుకోని ప్యాకెట్టు, ఆవిడ కూతురి పురిటిగదిలోదయ్యా."