నాంచారమ్మ గ్లాసు

మా వృద్ధాశ్రమంలో అందరి చేతికీ శాంతిపట్టీ ఉంటుంది. కోపం రాగానే అది చల్లబడుతుంది, కోపం దిగిపోతుంది. కొట్లాటలు ఆపే పని సిబ్బందికి తప్పింది.

నిన్న భోజనాల దగ్గర పక్క గది గవరయ్య నా భార్య గ్లాసులో మజ్జిగ తాగుతున్నాడు. నాంచారమ్మ అని పేరు చెక్కించిన స్టీలు గ్లాసు. ఆమె పోయాక నాకు మిగిలింది అదే. లాక్కోబోతే తోశాడు. నేను చెయ్యెత్తాను. పట్టీలు చల్లబడ్డాయి. వాడు మిగతా మజ్జిగ తాగుతుంటే నేను నవ్వుతూ చూశాను.

ఈ ఉదయం స్నానానికి విప్పిన పట్టీ మళ్లీ పెట్టుకోలేదు.

"పెట్టుకో తాతా. లేకపోతే గదిలో ఒక్కడివే తినాలి," అంది నర్సు ఎస్తేరు.

"తింటాను. నా పెళ్లాం గ్లాసులో ఎవడో తాగుతుంటే ఇకిలించను."

"నిన్న చెప్పలేదేం?"

"నువ్వడిగావా? పట్టీ చల్లబడిందని చూసి పోయావు."

మధ్యాహ్నం గవరయ్య వచ్చి గ్లాసు నా మంచం మీదకు విసిరాడు. "కడిగిన వాటిల్లోంచి తీసుకున్నానయ్యా! నా కళ్లకి పేర్లు కనపడతాయా? నన్ను దొంగని చేస్తావా, ముసలి నక్కా!"

వాడి చేతికీ పట్టీ లేదు. అది గుమ్మంలో నిలబడ్డ ఎస్తేరు చేతిలో ఉంది.

"నిన్ను క్షమించను," అన్నాను. "కూర్చో. తిట్టుకుందాం."