సహర్ సైరన్

రంజాన్ ముగిసినా తిరుమలగిరి నూలుమిల్లు సైరన్ తెల్లవారకముందు, ఉపవాసులు భోంచేసే సహర్ వేళకు మోగుతూనే ఉంది. షిఫ్టుల సైరన్‌ను నడిపే కంప్యూటర్‌లో ఆ ఆదేశం పెట్టిన లతీఫ్ పండుగకు ముందే చనిపోయాడు. సైరన్ లేని రోజుల్లో వాడలో ఇంటింటి తలుపు తట్టి ఉపవాసులను లేపినవాడు అతడే.

అతని కొలువులోకి వచ్చిన జులేఖా రోజూ ఆ ఆదేశాన్ని తుడిచేస్తోంది. పాస్‌వర్డ్ మార్చినా అది తిరిగి వస్తోంది. మరోసారి మోగితే ఇంటికి పొమ్మన్నాడు మేనేజరు. యంత్రం తప్పుకు ఆడమనిషికి శిక్ష వేయడం అతనికి వింతగా తోచలేదు.

ఆ కంప్యూటర్ గది రెండో తాళంచెవి ఉన్నది కాపలాదారు సైదులు దగ్గర. అందుకే ఆ రాత్రి జులేఖా గదిలోనే ఉండిపోయింది. ఆదేశం తుడిచి, సైరన్ తీగ ఊడదీసి, లోపల గొళ్లెం పెట్టుకుంది.

"ఇంటికి పోవా, బిడ్డా?" బయటినుంచి సైదులు అడిగాడు.

"దొంగ దొరికినంక పోత, అన్నా."

"నన్నే అంటున్నవా? నాకు రేడియో పెట్టుడే రాదు!"

సహర్ వేళ దాటింది. సైరన్ మోగలేదు. కొలువు నిలిచిందని ఆమె ఊపిరి పీల్చుకుంది. అప్పుడు తలుపు మీద మెల్లగా మూడు దెబ్బలు పడ్డాయి.

"సైదులన్నా, పరాచకాలు చాలు."

తలుపు అవతలినుంచి సైదులు గొంతు వినిపించింది.

"నేను కొడుతలేను, బిడ్డా. లోపలినుంచి నువ్వే కొడుతున్నవనుకున్న."